లిపి తెలియని నాణేలు

స్టీవెన్సన్ 'ట్రెజర్ ఐలండ్'ని నండూరి రామమోహనరావుగారు 'కాంచనద్వీపం'గా తెలుగు చేశారు. ఎనిమిదో తరగతిలో ఆ కథ చెబుతుంటే ఒక పిల్లవాడు లేచి, "ఆ డబ్బు అసలు ఎవరిది మాస్టారూ?" అన్నాడు. ఫ్లింట్ అనే ఓడదొంగది అన్నాను. "అంతకు ముందు?" అన్నాడు. గంట కొట్టారు గనక బతికిపోయాను. ఇంటికి వెళ్లి ఇంగ్లీషు మూలం మళ్లీ తీశాను.

1883లో పుస్తకంగా వచ్చిన ఈ నవలలో నిధి విలువ 7 లక్షల పౌన్లు. పంచుకునేవాళ్లలో ఒక జమీందారు, ఒక డాక్టరు ఉన్నారు. ఆ డాక్టరు మేజిస్ట్రేటు కూడా! సొంతదారు ఎవరన్న ప్రశ్న ఆ మేజిస్ట్రేటుకు ఒక్కసారీ తట్టదు. రచయితకు తట్టలేదని మాత్రం అనలేం. గుహలో బంగారు రాశి చూసిన కుర్రవాడు జిమ్, ఇది పోగవడానికి ఎంత నెత్తురు కారిందో, ఎన్ని ఓడలు మునిగాయో అనుకుంటాడు. కాని ఆ లెక్క ఓడ దగ్గరే ఆగిపోతుంది. ఓడలోకి ఎక్కిన సరుకును తయారుచేసిన చేతులదాకా రాదు.

తర్వాత జిమ్ నాణేలు వేరుచేస్తూ కూర్చుంటాడు. యూరపు రాజుల బొమ్మలన్నీ గుర్తుపడతాడు. తూర్పుదేశాల నాణేలు వచ్చేసరికి వాటి మీది రాత అతనికి దారప్పోగుల్లా, సాలెగూటి తునకల్లా కనిపిస్తుంది. తెలియని లిపి ఎవరికైనా అంతే, అందులో తప్పు పట్టను. అయితే సిల్వర్ చిలక గోవా ఓడ దోపిడీ చూసిందన్న ముచ్చటా, మలబారు పేరూ తప్పిస్తే, మన వైపు ప్రపంచం ఈ కథలో కనిపించేది ఆ గీతల్లోనే.

ఇలాంటి కథల వెనక నిజంగా నడిచిన ఓడ ఒకటుంది. పేరు క్వెడా మర్చంట్. 1698 జనవరిలో, బెంగాలు నుంచి సూరత్ వెళుతుండగా, మలబారు తీరాన విలియం కిడ్ దాన్ని పట్టుకున్నాడు. కిడ్ దగ్గర ఇంగ్లండు రాజు ఇచ్చిన అధికారపత్రం ఉంది. అతని సొంత ఓడ, 34 ఫిరంగుల అడ్వెంచర్ గాలీ, పెద్ద పెద్ద ప్రభువుల పెట్టుబడితో సముద్రమెక్కింది. ఇక క్వెడా మర్చంట్‌లో ఉన్నదేమిటి? పట్టు, మస్లిన్, నూలుగుడ్డ, పంచదార, నల్లమందు, ఇనుము, సూరేకారం. నిధి అంటే మనకు బంగారం మెదులుతుంది. ఇక్కడ నిధి అంటే ముఖ్యంగా బట్ట, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకు కూర్చున్నవాడి పని. కిడ్ అందులో చాలా భాగం ఆ తీరంలోనే అమ్మి బంగారం చేసుకున్నాడు.

1699లో న్యూయార్క్ సమీపాన గార్డినర్స్ దీవిలో కొంత పాతిపెట్టాడు. గవర్నరు బెలొమాంట్ దాన్ని ఆ ఏడే తెప్పించి లండన్‌కు పంపేశాడు. ఆయన కూడా కిడ్ యాత్రకు అండగా నిలిచిన ప్రభువే! సూరత్‌లో మొగలు అధికారులు ఈస్టిండియా కంపెనీని నిలదీస్తున్నారు. ఒకణ్ణి బలి ఇవ్వక తప్పలేదు. కిడ్ తన రక్షణకు నమ్ముకున్న రెండు ఫ్రెంచి పాసులు విచారణ వేళకు మాయమయ్యాయి. రెండొందల ఏళ్ల తర్వాత ప్రభుత్వ దస్త్రాల్లోనే బయటపడ్డాయి. 1701 మేలో ఉరితీశారు.

పాతిన సొత్తు అప్పుడే దొరికిపోయినా కథ మాత్రం ఆగలేదు. 1843లో ఎడ్గార్ పో 'గోల్డ్ బగ్'లో కిడ్ నిధిని మళ్లీ తవ్వించాడు. పోకు తాను రుణపడ్డానని స్టీవెన్సనే ఒప్పుకున్నాడు. ఈ కథలు చేసే పని నాకిలా తోస్తుంది. దొంగసొత్తు కొన్నాళ్లు మట్టిలో ఉంటే గనిలో లోహం లాంటిదైపోతుంది, తవ్వుకున్నవాడిదైపోతుంది. సిల్వర్‌కి ఈ సంగతి బాగా తెలుసు. పార్లమెంటులో కూర్చుని కోచ్ బండిలో తిరగాలన్నది అతని కోరిక. జమీందారు అప్పటికే చేరిన చోటుకి కుంటికాలితో పరిగెత్తుతున్నాడు. నవలలో నాకు అన్నిటికన్నా సజీవంగా కనిపించే పాత్ర అదే. అందుకే పిల్లల చేతుల్లోంచి ఈ పుస్తకం లాక్కోమని నేననను.

క్వెడా మర్చంట్ శిథిలాలు 2007లో డొమినికన్ రిపబ్లిక్‌లోని కటలీనా దీవి దగ్గర, పెద్ద లోతు లేని నీళ్లలో కనిపించాయి. ఇండియానా విశ్వవిద్యాలయం వాళ్లు పరిశోధించారు. ఫిరంగులున్నాయి, లంగర్లున్నాయి. ఓడ కట్టిన టేకు మన పడమటి తీరానిదని తేల్చారు.

పిల్లల కోసం ఈ నవలను కుదించేవాళ్లకు నాదొక్కటే మనవి. కథ పరుగుకు అడ్డమని నాణేల ఘట్టాన్ని మాత్రం కత్తిరించకండి.