మాస్ ఎఫెక్ట్ గ్రహనామములు: నిరుక్తి విచారము

నామములన్నియు ధాతువులనుండి పుట్టినవే యని శాకటాయనుడును, అన్నియు అట్టివి కావని గార్గ్యుడును వాదించినట్లు యాస్కుడు నిరుక్తమున తెలిపి, తాను మొదటి పక్షమునే నిలిపెను. లోకవ్యవహారమున తమంతట పుట్టి పెరిగిన పేరులకు సంబంధించిన వివాద మది. ఒక ఊరికి ఆ పేరు ఎవరు పెట్టిరో, ఏల పెట్టిరో అడుగబోయిన బదులు చెప్పువాడు తరచుగ దొరకడు. కొందరు రచయితలు కలిసి, లేని లోకములను కల్పించి, వానికి బుద్ధిపూర్వకముగ పేరులు పెట్టినప్పుడు స్థితి మారుచున్నది. అచ్చట ప్రతి నామమునకును కర్త కలడు. కర్త యున్నచో ఔచిత్యమును ప్రశ్నించు హక్కు విమర్శకునకు వచ్చును.

కెనడా దేశమున ఎడ్మంటన్ నగరమందు వెలసిన బయోవేర్ సంస్థవారి ‘మాస్ ఎఫెక్ట్’ వీడియో గేముల వరుస ఇట్టి పరిశీలనకు తగినది. మొదటి మూడు భాగములు 2007, 2010, 2012 సంవత్సరములలోను, ‘ఆండ్రొమెడా’ అను నాలుగవది 2017లోను వెలువడినవి. మొదటి మూటియందును ఇతివృత్త మొక్కటే. క్రీస్తుశకము 22వ శతాబ్దమున మానవులు నక్షత్రమండలమున విస్తరించి, తమకంటె ముందే వచ్చియున్న ఇతర జాతులతో కలిసి జీవించుచుందురు. రీపర్లను మహాయంత్రములు యాబదివేల యేండ్ల కొకమారు వచ్చి నాగరకతలను తుడిచిపెట్టుచుండును. షెపర్డ్ అను సేనాని వానిని ఎదుర్కొనుట కథ. ఆటగాడు షెపర్డు అయి, తెరపై ఆకాశపటమును విప్పి, గ్రహమునుండి గ్రహమునకు పోవును. ఆ పటమున వందలకొలది పేరులు కలవు. అవి మూడు మెట్లుగ నుండును: తారాసముదాయమున కొక పేరు, అందలి నక్షత్రకుటుంబమున కొకటి, గ్రహమున కొకటి. ఈ మూటిని విడివిడిగ చదువుట పొరపాటు. అవి సమాసమునందలి పదములవంటివి.

మన శాస్త్రకారులు పదములను యౌగికములు, రూఢములు, యోగరూఢములు అని విభజించిరి. పాచకుడనగా వండువాడు, ఇది యౌగికము. పంకజమనగా బురదలో పుట్టినది, అయినను పద్మమునకే చెల్లినది, ఇది యోగరూఢము. అవయవార్థముతో పనిలేక సంకేతముచేతనే బోధించునది రూఢము. మనము పరిశీలించు గ్రహనామములలో పెక్కు, వేరొక వస్తువునందు రూఢమైన పేరును తెచ్చి క్రొత్త వస్తువునకు తగిలించినవి. పాతదాని స్మృతి క్రొత్తదానిపై నీడవలె పడును. ఆ నీడ కథకు పనికివచ్చినదా, ఊరక పడియున్నదా యనునదే నా ప్రశ్న.

కథ ప్రారంభమగు గ్రహము ఈడెన్ ప్రైమ్. అది యుటోపియా అను నక్షత్రకుటుంబమున, ఎక్సొడస్ అను తారాసముదాయమున కలదు. ఎక్సొడస్ అనగా నిర్గమనము. ఐగుప్తునుండి ఇశ్రాయేలీయులు వెడలిన కథను చెప్పు బైబిలు గ్రంథమునకు ఆ పేరు. యుటోపియా 1516లో థామస్ మోర్ గ్రీకు పదములనుండి కూర్చిన మాట. ‘లేని చోటు’ అని దాని యర్థము. ఈడెన్ ఆదిమ దంపతుల తోట. హీబ్రూ భాషలో ఆ శబ్దమునకు ఆనందమను అర్థము. మూటిని వరుసగ చదివిన, ఇల్లు విడిచి, ఎచ్చటను లేని చోటునకు పోయి, అచ్చట తోటను కనుగొనిరని వాక్యమేర్పడును. కథారంభముననే ఆ తోట కాలిపోవును. గెత్ అను యంత్రజాతి దిగి, పంటపొలముల నడుమ నిండ్లను తగులబెట్టును. ‘ప్రైమ్’ అనగా మొదటిది, ముఖ్యమైనది. మొదటి యీడెను అనుటలో రెండవదియు మూడవదియు రానున్నవను ధీమా కలదు. ఆ ధీమాను పేరుపెట్టిన మానవులయందే రచయితలు నిలిపిరి, తాము పంచుకొనలేదు. ఇచ్చట వ్యంగ్యము నిండుగ పండినది.

తక్కిన మానవనివాసముల పేరులు నిట్టివే. ఎలీసియం గ్రీకు వీరులు మరణానంతరము చేరు పుణ్యలోకము. కథలో అది దోపిడిమూకల దాడికి గురియైనది. హొరైజన్ దిఙ్మండలపు టంచు. రెండవ భాగమున అందలి జనులను కలెక్టర్లను జాతి ఎత్తుకొనిపోయినది. టెరా నోవా లాటినులో ‘క్రొత్త నేల’. మన కొత్తపల్లి, కొత్తపేటలను పెట్టినవాడు వేరు చేయలేదు. అతడు లాటిను నేర్వలేదంతే. ఆ టెరా నోవా యున్న కుటుంబము ఆస్గార్డ్, అనగా ఉత్తర ఐరోపావారి దేవతల నిలయము. 2008లో వెలువడిన అనుబంధకథలో ఆ గ్రహముపై ఆకాశమునుండి ఒక గ్రహశకలమును పడవేయ శత్రువులు యత్నింతురు.

ఫెరోస్ గ్రహము విషయమున ఔచిత్యము మరింత లోతుగ పారినది. అది అట్టికన్ బీటా సముదాయమున థీసియస్ కుటుంబములోనిది. అట్టికా ఏథెన్సు నగరమున్న సీమ. థీసియస్ దాని పురాణవీరుడు. ఏథెన్సువారు కప్పముగ పంపిన యువతీయువకులను చిక్కుదారుల మందిరమున నొక వృషభముఖుడు భక్షించుచుండగా, థీసియస్ లోనికి పోయి వానిని చంపెను. ఫెరోస్‌లోని పురాతన శిథిలసౌధముల అడుగున థోరియన్ అను ప్రాచీన సస్యజీవి యొకటి కలదు. పైన నివసించు వలసవారి మనస్సులు దాని వశమైయుండును; ఎదిరింపబోయినవానికి భరింపరాని నొప్పి కలుగును. షెపర్డు క్రిందికి దిగి దానిని చంపవలెను. కథలో నెవ్వరును థీసియస్ కథను చెప్పరు. పటముపై పేరు మాత్రము కలదు. తెలిసినవానికి ధ్వని వినబడును. తెలియనివానికి కథ కొరత పడదు. ధ్వని యుండవలసిన రీతి యిదియే.

హాకింగ్ ఈటా అను సముదాయము మరియొక ఉదాహరణము. అందలి కుటుంబములకు ష్వార్ట్స్‌షీల్డ్, థోర్న్, చంద్రశేఖర్ అని గురుత్వశాస్త్రజ్ఞుల పేరులు కలవు. 1910లో లాహోరున జన్మించి 1983లో నోబెల్ బహుమానమందిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖరులు అచ్చట కనబడుట మనకు సంతోషమే. అయినను నన్నాకర్షించినది థోర్న్ కుటుంబమున నున్న నెమోసిని. ఆమె గ్రీకుల స్మృతిదేవత, కళాదేవతలకు తల్లి. ఆ గోళముచుట్టు మూడు కోట్ల డెబ్బది లక్షల యేండ్లక్రిందట చచ్చిన రీపరు కళేబరము తిరుగుచున్నది. దాని లోపల పనిచేసిన శాస్త్రజ్ఞుల మనస్సులు క్రమముగ చెడి, ఒకే జ్ఞాపకమును ఇద్దరు మనుష్యులు తమ తమ దని చెప్పుకొను స్థితి వచ్చినది. స్మృతి యను పేరు దీనికంటె తగిన చోటికి పోజాలదు.

చాపెక్ గ్రహమును గూడ చెప్పవలెను. చెకొస్లొవాకియా రచయిత కారెల్ చాపెక్ 1920లో వ్రాసిన నాటకమువలననే ‘రోబో’ శబ్దము లోకమునకు వచ్చినది; వెట్టిచాకిరి యను అర్థముగల చెక్ మాటనుండి అది పుట్టినది. రెండవ భాగమున ఈ గ్రహముపై యంత్రభటులను చేయు కర్మాగారమొకటి చెడిపోయి, భటులు మనుష్యులపై తిరుగబడుదురు. చమత్కారము సరిగనే యున్నది కాని, నెమోసిని ప్రక్కన నిలిపిన పలుచన. పేరు తెలిసినవాడు ఆ గ్రహముపై దిగకమునుపే కథ ఊహించును.

పేరు విద్వత్తును చాటి, కథను తాకక పోయిన చోట్లును లేకపోలేదు. బోల్ట్స్‌మన్ కుటుంబమున బెకెన్‌స్టైన్ గ్రహము కలదు. వేడిమి వ్యాపించు తీరునకు సంబంధించిన ఎంట్రోపీకి బోల్ట్స్‌మన్ సూత్రము నిచ్చెను. కృష్ణబిలములకును ఎంట్రోపీ కలదని జేకబ్ బెకెన్‌స్టైన్ చూపెను. పేరుల జత ముచ్చటయైనది. గ్రహమో, ధనవంతుల భవనములతో నిండిన విలాసస్థానము. అచ్చట జరుగు కథ ఒక దొంగతనము. శాస్త్రమునకును కథకును ముడి పడలేదు. కావ్యమున సందర్భములేక చొరబడిన శ్లేషవంటి దిది. పండితుడు తలయూచును, రసికుడు ఊరకుండును.

రూఢనామములకు వత్తము. క్రోగన్ అను యుద్ధప్రియజాతి తమ టుచాంక గ్రహమును అణుయుద్ధమున తామే పాడుచేసికొనిరి. ఆ పేరునకు అర్థము వెదకనక్కరలేదు. టకార చకార కకారములే చాలును. పరుషవర్ణములు ఓజోగుణమును పోషించునని ఆలంకారికు లనుట ఈ కెనడావారు చదివియుండరు, కాని వారి చెవి ఎరుగును. శాంతశీలలు, దీర్ఘాయువులు నగు అసారీల గ్రహము థెస్సియా. సకారము, తేలిపోవు స్వరములు, ఇది మాధుర్యము.

అయితే చిక్కు ఇచ్చటనే పుట్టుచున్నది. థెస్సియా గ్రీసులోని థెస్సలీని తలపించును. దాని కుటుంబము పార్నిథా. అది ఏథెన్సునకు ఉత్తరమున నున్న నిజమైన కొండ. సముదాయము ఏథీనా. టూరియన్ అను సైనికజాతి నివసించు పాలవెన్ గ్రహమునకు సూర్యుడు ట్రెబియా, క్రీ.పూ. 218లో హానిబల్ రోమనులను ఓడించిన నదీతీరమున కా పేరు. మానవులు తమ క్రొత్త ఊళ్లకు తమ గ్రంథాలయమునుండి పేరులు తెచ్చికొనుట సహజము. భూమిని ఎన్నడును చూడని జాతులు తమ పుట్టినింటి సూర్యుని గ్రీకు కొండపేరుతో ఏల పిలువవలెను? పటము మానవులు గీచినదనియు, మానవులు పెట్టుకొన్న పేరులనే అందు వ్రాసిరనియు సమాధానము చెప్పవచ్చును. నే నిది చాలకాలము నమ్మితిని. కాని థెస్సియా యను మాటను అసారీలే తమ నోట పలుకుదురు. కావున సమాధానము నిలువదు. ఒకే నాగరకత అలమారనుండి విశ్వమంతటికిని పేరులు పంచిరనుట మేలు.

విచిత్రమేమన, పేరు పెట్టుటయందు అధికార మిమిడియున్నదని ఈ రచయితలకు బాగుగ తెలియును. 2157లో మానవులకును టూరియనులకును జరిగిన పోరున షాన్‌షీ యను మానవనివాసము శత్రువశమైనది. ఆ పేరు చైనాదేశపు రాష్ట్రమునుండి వచ్చినది. ‘కొండలకు పడమర’ అని యర్థము. ఆ పోరును మానవులు ‘ప్రథమ సమాగమ యుద్ధ’ మందురు. టూరియనులకు అది ఒక అంకెతో గుర్తించు చిన్న సంఘటన మాత్రమే. ఒకే సంగతికి రెండు పేరులు. రెంటి నడుమ గెలిచినవాని ఉపేక్ష, ఓడినవాని గాయము. ఆండ్రొమెడాలోను, వలసపోవు మానవులు దూరమునుండియే గ్రహములను ఆవాసములుగ లెక్కించి అంకెలు వేసికొనిరి. చేరిచూడగా అంగారాలను జాతి అచ్చట ముందే కలదు. హావర్ల్, వోల్డ్ అని వారి పేరులు వారికి కలవు. నాయకుడు మరణించిన ఏడవ ఆవాసము మాత్రము చివరివరకు అంకెగనే మిగిలినది. మానవులు స్థిరపడిన మొదటి గ్రహము ఈయోస్. ఆమె గ్రీకుల ప్రభాతదేవత, మన ఉషస్సునకు భాషాసంబంధమున సోదరి. ఇట్టి వివేకము మూడు భాగముల పటమునందును ఏల కొరవడినదో యని విచారము కలుగును.

ఈ లోపమునకు ప్రాయశ్చిత్తమువంటిది రానక్. ఎం.ఏ. తరగతిలో శ్రీకాళహస్తి నామవృత్తాంతము చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి ఆ మాట యెత్తెను. ఈ వ్యాసమునకు మూల మదియే. శ్రీ యనగా సాలెపురుగు, కాళమనగా పాము, హస్తి యేనుగు అని స్థలపురాణము. గ్రంథము తన పేరునకు తానే నిరుక్తి చెప్పుకొనుట యిది. రానక్కునకును ఇట్టి నిరుక్తి కలదు. వెలుపలి లోకమున అది స్కాట్లండులోని ఒక విశాలమైన బీడునేల పేరు. గేలిక్ భాషలో ఫెర్న్‌జాతి మొక్కకు సంబంధించిన మాట. కథాలోకమున క్వేరియనుల ప్రాచీనభాషలో దానికి ‘గోడ చుట్టిన తోట’ అని యర్థము చెప్పబడినది. రెండవదానిని కల్పితమని త్రోసివేయుట తగదు. త్రిలింగశబ్దమునుండి తెలుగు వచ్చినదను మాట చరిత్రదృష్టిలో నిలువదని పలువురు పండితులు చెప్పినను, శ్రీశైల కాళేశ్వర ద్రాక్షారామములను తమ యెల్లలుగ తలచిన జాతికి ఆ నిరుక్తి నిజమైన పనియే చేసినది.

‘గోడ చుట్టిన తోట’ యన్నప్పుడు భాషాశాస్త్రమెరిగినవాడు ఉలికిపడును. ప్రాచీన ఇరానీభాషలో పైరిదైజ శబ్దమునకు సరిగ ఇదియే అర్థము. పైరి మన ‘పరి’, దైజ గోడ. ‘మెత్తుట’ యను అర్థముగల దిహ్ ధాతువునుండి పుట్టి, ప్రాకారమను అర్థమున ఋగ్వేదమున కనబడు దేహీశబ్దము దానికి చుట్టము. ఆ పైరిదైజమే గ్రీకులో పారదైసొస్ అయి, బైబిలు గ్రీకు అనువాదమున ఈడెన్ తోటకు పేరైనది. పారసీక అరబ్బీలలో ఫిర్దౌస్ అయినది. జాషువా కావ్యమువలన ప్రతి తెలుగు విద్యార్థికిని పరిచితమైన ఫిరదౌసి నామము దానినుండి పుట్టినదే. కావున ఈడెన్, రానక్ అను రెండు నామములును ఒకే వస్తువునకు పర్యాయములు. మొదటి భాగమున కాలిన తోటయు, మూడవ భాగమున చేరవలసిన తోటయు నొక్కటే పేరు.

క్వేరియనులే గెత్ యంత్రములను సేవకులుగ సృష్టించిరి. అవి ఆలోచింప నారంభింపగా భయపడి చంపబోయి, తామే ఓడి, పుట్టినింటిని కోల్పోయి, దాదాపు మూడు వందల యేండ్లుగ నావలలో తిరుగుచున్నారు. వారి శరీరములకు రోగనిరోధశక్తి తక్కువ. జన్మమంతయు మూసిన కవచములలోనే గడుపుదురు. తోటకు చుట్టిన గోడను ఒంటికి చుట్టుకొని తిరిగినవారివలె నున్నారు. ఏనాటికైన కన్నులార చూడగోరు ఆ జన్మభూమిమీద ఒట్టుపెట్టుకొనుట వారి నుడికారము. ఈడెన్ ప్రైమును కాల్చినవి ఈ గెత్ జాతి యంత్రములే. అయినను రానక్కును పాడుపడనీయక, విషములు తొలగించి, తోటమాలులవలె కాచినవియు ఆ జాతి యంత్రములే. ఆ గ్రహపు సూర్యునికి టిక్కున్ అని పేరు. హీబ్రూలో అది చెడినదానిని బాగుచేయుట. ఇదియు భూమినుండి తెచ్చిన మాటయే, ట్రెబియాను పట్టిన దోషము దీనికిని పట్టును. కాని చెదరిపోయిన యొక జాతి ప్రార్థనలలో నిలిచిన మాటను చెదరిన మరియొక జాతికిచ్చుటచే ఆ దోషము గుణమైనది.

మూడవ భాగమున ఈ రెండు జాతుల విధి ఆటగాని చేతిలో నుండును. ముందరి భాగములలో అతడు చేసిన పనులనుబట్టి సంధి సాధ్యమగును. అప్పుడు టాలి యను క్వేరియను యువతి తన గ్రహముపై నిలిచి ముఖకవచమును తీసి గాలి పీల్చును. గెత్ పక్షమును మాత్రమే పట్టినచో క్వేరియను నౌకాదళమంతయు కూలును. టాలి కొండకొమ్మునుండి వెనుకకు ఒరిగి పడిపోవును. తోట మిగులును, కాచు యంత్రములును మిగులును. రానక్ అనగా గోడ చుట్టిన తోట యని తమ మాతృభాషలో చెప్పువారు ఆ పిమ్మట అచ్చట నుండరు.