నాలుగు ఆరంభాల పట్టిక

రోజూ బైబిలు చదవాలన్న కోరిక లేని క్రైస్తవ కుటుంబం అరుదు. అయినా జనవరిలో ఆదికాండము మొదలుపెట్టి, నిర్గమకాండము ఉత్సాహంగా దాటి, లేవీయకాండములో బలుల దగ్గర ఆగిపోయేవాళ్లు ఎంతోమంది. వాళ్లకు భక్తి తక్కువని నేననుకోను. చదువుకు సరైన అమరిక దొరకలేదు, అంతే. అలాంటి అమరికను గొప్ప పనితనంతో కూర్చిన ఒక పట్టికను మదనపల్లె, పుంగనూరు, కుప్పం సంఘాల వారికి పరిచయం చేయాలని ఈ వ్యాసం.

దాన్ని కూర్చినవారు రాబర్ట్ మర్రే మెక్‌షేన్, స్కాట్లండులోని డండీలో సెయింట్ పీటర్స్ సంఘ కాపరి. 1842 డిసెంబరు చివర, రాబోయే ఏడాది కోసం తన సంఘానికి దీన్ని ఇచ్చారు. రోజుకు నాలుగు భాగాలు. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు పూర్తవుతాయి. నాలుగింటిలో రెండు ఇంటిల్లిపాదీ కూర్చుని చదవడానికి, రెండు ఎవరికి వారు ఏకాంతంగా చదువుకోవడానికి.

ముందు లెక్క చూడండి. పాత నిబంధనలో 929 అధ్యాయాలు, కొత్త నిబంధనలో 260. కొత్త నిబంధన, 150 కీర్తనలు రెండోసారి కూడా చదవాలంటే మొత్తం 1,599. ఏడాది పట్టికలో ఉండే గళ్లు 1,460 మాత్రమే. ఆ తేడాను సర్దడంలోనే చేతి నేర్పు కనిపిస్తుంది. చిన్న కీర్తనలు రెండూ మూడూ కలిసి ఒకే గడిలో ఒదుగుతాయి. లూకా సువార్త మొదటి అధ్యాయంలో 80 వచనాలున్నాయి గనుక అది రెండు రోజులకు విడిపోతుంది. అన్నిటికన్నా పొడవైన 119వ కీర్తనలో 176 వచనాలు, ఎనిమిదేసి వచనాల 22 ఖండికలు. దాన్ని ఏడు రోజులకు పంచారు. ఆరు రోజులు 24 వచనాల చొప్పున, ఏడో రోజు మిగిలిన 32. ఏ కోతా ఖండిక మధ్యలో పడదు. కీర్తనకారుడి అల్లికను చెదరగొట్టకుండా రోజులకు పంచడమంటే అదీ.

ఇక జనవరి 1 చూడండి. ఇంట్లో ఆదికాండము 1, మత్తయి 1. ఏకాంతంలో ఎజ్రా 1, అపొస్తలుల కార్యములు 1. సృష్టి మొదలు, క్రీస్తు జననం, చెర నుంచి తిరుగు ప్రయాణం, సంఘ ప్రారంభం: ఒకే రోజు నాలుగు ఆరంభాలు. డిసెంబరు 31న నాలుగు ముగింపులు: 2 దినవృత్తాంతములు 36, ప్రకటన 22, మలాకీ 4, యోహాను 21.

పాత నిబంధనను ఆయన ఎక్కడ రెండుగా విడదీశారో గమనించండి. దినవృత్తాంతముల రెండో గ్రంథం పారసీక రాజు కోరెషు ప్రకటనతో ముగుస్తుంది. ఎజ్రా గ్రంథం దాదాపు అవే మాటలతో మొదలవుతుంది. యెరూషలేము కాలిపోయిన కథను డిసెంబరు 31న ఇంట్లో చదివి, మందిరం మళ్లీ కట్టమన్న ఆజ్ఞతో బైబిలు మూస్తాం. మర్నాడు ఏకాంతంలో ఎజ్రా తెరిస్తే అదే ఆజ్ఞ ఎదురవుతుంది. పాత ఏడాది చివరి కొస కొత్త ఏడాది మొదటి కొసతో ముడిపడిపోతుంది. ఈ అతుకు చూసినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

ఇలాంటి పట్టిక మన ఇళ్లలో నడవాలంటే మన మాటలో గ్రంథం కావాలి. అందులో మదనపల్లె రుణం మనకుంది. 1863లో ఇక్కడ స్థిరపడిన అమెరికా వైద్య మిషనరీ జేకబ్ చాంబర్లేన్ తెలుగు బైబిలు సవరణ సంఘానికి చాలా ఏళ్లు అధ్యక్షులుగా పనిచేశారు. 1908లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. అమ్మ తమిళంలో చదివినా, పిల్లలు తెలుగులో చదివినా పట్టిక చూపే అధ్యాయం ఒకటే. ప్రార్థనకు కూర్చున్నప్పుడు అందరి మనసులో ఉండే సంగతీ ఒకటే.

చదివినదాన్ని ప్రార్థనగా మార్చుకోవడం కూడా మెక్‌షేన్ నేర్పారు. మొదటి కీర్తన చదువుతుంటే బైబిలును కుర్చీ మీద తెరిచి పెట్టి, దాని ముందు మోకరించి, ఒక్కో వచనాన్నీ మనవిగా చేసుకోమని ఒక ఉత్తరంలో రాశారు. ఏం ప్రార్థించాలో తోచనివారికి ఇంతకన్నా సులువైన దారి నాకు తెలియదు.

రోజుకు నాలుగు అధ్యాయాలు అందరికీ సాధ్యమా? తెల్లవారకముందే టమాటా మార్కెట్టుకు చేరాల్సిన రైతుకు, బెంగళూరు రైలు అందుకోవాల్సిన కుప్పం ఉద్యోగికి అది బరువే. మన పట్టు రైతులు చాకీ దశలోని చిన్న పట్టుపురుగులకు లేత మల్బరీ ఆకును సన్నగా తరిగి, వేళ తప్పకుండా వేస్తారు. కొత్తగా మొదలుపెట్టేవారికీ అలాగే కొంచెం, కానీ వేళకు. ఇంటి భాగాలు రెండూ ఈ ఏడాది, ఏకాంత భాగాలు రెండూ వచ్చే ఏడాది చదివితే రెండేళ్లలో పట్టిక నిండుతుంది.

తన పనిలోని ప్రమాదాలను మెక్‌షేన్ ముందే చెప్పారు. చదువు మొక్కుబడి కావచ్చు, చదివామన్న గర్వం రావచ్చు, పరధ్యానం పెరగవచ్చు, కొందరికి అది మోయలేని కాడి కావచ్చు. లాభాలూ చెప్పారు: ఏ భాగం చదవాలన్న వెతుకులాటలో సమయం పోదు, పిల్లలతో మాట్లాడటానికి తల్లిదండ్రులకు రోజూ ఒక విషయం దొరుకుతుంది, సంఘమంతా ఒకే మాట మీద ధ్యానిస్తుంది.

పట్టిక మొదలైన 1843లోనే, మార్చి 25న, 29 ఏళ్లకే ఆయన ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. తాను వేసిన పట్టికను ఒక్క ఏడాదైనా పూర్తిగా చదవలేకపోయారు. పట్టిక గళ్లలో ఆయన మాట ఒక్కటీ లేదు, గ్రంథాల పేర్లూ అంకెలూ తప్ప. చదివేవాణ్ని వాక్యం ముందు కూర్చోబెట్టి తాను తప్పుకున్నారు. అదే ఈ పనితనంలోని గొప్పదనం. కాబట్టి మొదలుపెట్టడానికి జనవరి దాకా ఆగవద్దు. ఇవాళ్టి తేదీ చూడండి, అక్కడి నుంచే చదవండి. మధ్యలో కొన్ని రోజులు తప్పిపోతే వెనక్కి వెళ్లి బాకీ తీర్చవద్దు. ఆ రోజు భాగం తెరవండి, చదవండి, ప్రార్థించండి.