రంగు ఆఖరున

ఇల్లు అమ్ముతున్నామని తెలియగానే చుట్టాలంతా చెప్పే సలహా ఒకటే: "ముందు రంగులు వేయించెయ్యండి." నేనైతే రంగు డబ్బా ఆఖరున కొనమంటాను. కొనేవాళ్ల కంటికి ఆనే పని ముందు చేయిస్తే, ఇంటికి అవసరమైన పని దాని కిందే దాగిపోతుంది.

కాకినాడలో మా బాబాయి తన ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు మేస్త్రీల మీద పెత్తనం నాకు అప్పజెప్పాడు. 1980ల్లో కట్టిన డాబా. వసారా శ్లాబు కింద పెచ్చులూడి, చువ్వలు ఎర్రగా బయటపడ్డాయి. సముద్రం పక్క ఊళ్లలో ఇది మామూలే. ఉప్పూ చెమ్మా కాంక్రీటులోకి దిగితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పుకి ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి కాబట్టి పైనున్న సిమెంటుని బయటికి నెట్టేస్తుంది. దాని మీద మళ్లీ సిమెంటు మెత్తి సున్నం కొడితే ఎన్నాళ్లో నిలవదు. వదులైనదంతా చెక్కేసి, చువ్వని వైరు బ్రష్షుతో తెల్లగా తోమి, తుప్పు పట్టకుండా పూత పూసి, పాలిమర్ కలిపిన సిమెంటు మాలుతో పూడ్చాలి. చువ్వ మరీ సన్నబడిందా, ఇక మేస్త్రీతో అయ్యే పని కాదు, ఇంజనీరుకి చూపించాల్సిందే.

పడకగదిలో మరో తంటా. గోడకి మోకాలి ఎత్తు దాకా తెల్లటి పొడి. ఇటుకల్లోనూ ప్లాస్టరింగులోనూ ఉండే లవణాలని తడి కరిగించి పైకి తెస్తుంది. నీరు ఆరిపోయి ఆ పొడి మిగులుతుంది. రంగుల మేస్త్రీ గోడకి అరచెయ్యి ఆనించి చూసి, "నీళ్లెక్కణ్నుంచి వస్తన్నాయో ముందు చూపించుకోండి సార్. ఇప్పుడు పుట్టీ పెడితే సంక్రాంతికల్లా పొక్కిపోద్ది" అన్నాడు. తన కూలి పోగొట్టుకునే మాట చెప్పే మేస్త్రీ దొరికితే వదలకండి. చూపిస్తే, అవతలి బాత్రూములో గోడలోంచి పోయే పైపు జాయింటు కారుతోంది. అది మార్చడం ఒక్క పూట పని. గోడ ఆరడానికే వారాలు పట్టింది. అందరికీ ఓపిక చచ్చేది ఇక్కడే.

ఆషాఢంలో ఇల్లు చూడ్డానికి చాలామంది రారు. బ్రోకర్లు ఈగలు తోలుకుంటారు. అమ్మేవాడికి మాత్రం అంతకంటే మంచి అదును లేదు. శ్లాబు ఎక్కడ కారుతోందో వానే చూపిస్తుంది. డాబా మీద నీళ్లు పోయే గొట్టం మూతికి వేపాకులు అడ్డం పడి నీళ్లు నిలవడం వల్లే కారే ఇళ్లు నేను చాలా చూశాను. బయటి గోడల రంగు మటుకు వానలు వెళ్లాకే.

తక్కినవి చిల్లర పనులు. కుళాయి వాషర్లు, మడతబందులకి నూనె, పగిలిన స్విచ్చులు, వంటగట్టు వెనక జిడ్డు, ముఖ్యంగా అటక. బాత్రూము పలకలకి యాసిడ్ వాడితే కిటికీ తెరిచి పెట్టండి. అందులో బ్లీచింగు పౌడరు కలిపారో, వచ్చేది క్లోరిన్ విషవాయువు. ఫాల్స్ సీలింగూ, కొత్త మాడ్యులర్ కిచెనూ వద్దు. వాటికి పెట్టింది ధరలో తిరిగొస్తుందన్న నమ్మకం నాకు లేదు. వాస్తు పేరు చెప్పి ముందే గోడలు పడగొట్టించకండి. కొనేవాళ్ల సిద్ధాంతి ఎలాగూ ఇంకోటి చెబుతాడు.

చెమ్మ మీద రంగు పులిమి అమ్మేస్తే పోలేదా అని ఒక బంధువు అన్నాడు. చట్టం ఒప్పుకోదు. ఒప్పందంలో మరోలా రాసుకుంటే తప్ప, తనకి తెలిసిన ముఖ్యమైన లోపం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనిది, అమ్మేవాడు చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటుంది.

శ్రావణంలో ఒక కుటుంబం వచ్చింది. శ్లాబు సంగతి బాబాయే ఎత్తి, చువ్వలు తేలి ఉన్నప్పటి ఫోటోలు చూపించాడు. వాళ్లలో పెద్దావిడ అవి చూసి, వంటింట్లోకెళ్లి కుళాయి తిప్పి, దోసిట్లో నీళ్లు పట్టింది.

"బోరు నీళ్లు ఉప్పనా అన్నయ్యగారూ?"

"వాడకానికేనమ్మా. తాగడానికి మున్సిపాలిటీ కుళాయి ఉంది."

"రోజూ వస్తాయా?"

బేరం అక్కణ్నుంచి మొదలైంది.