మిల్లీమీటరు మేర మందారం

కొత్త కెమెరా పెట్టె విప్పగానే చాలామంది చూపు డయల్ మీదున్న చిన్న పువ్వు బొమ్మ మీద పడుతుంది. డయల్‌ని దాని మీదికి తిప్పి, పెరట్లోకి వెళ్లి, మందారానికి ఆనుకునేంత దగ్గరగా లెన్స్ పెట్టి మీట నొక్కుతారు. ఫోకస్ కోసం కెమెరా గుర్రుమంటూ ముందుకీ వెనక్కీ వెతుకుతుంది. చివరికి తెర మీద ఓ ఎర్రటి ముద్ద తేలుతుంది. కెమెరా పాడైందేమోనని కొన్నచోటుకు తీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు.

చిక్కంతా ఆ బొమ్మతోనే. జేబులో పట్టే చిన్న కెమెరాల్లో దాన్ని ఎంచుకుంటే లెన్స్ నిజంగానే దగ్గరి వస్తువును పట్టుకోగలుగుతుంది. లెన్సులు మార్చుకునే కెమెరాల్లో అది రంగులు, షట్టర్ వేగం లాంటి సర్దుబాట్లు చేస్తుందంతే. లెన్స్ ఎంత దగ్గరికి వెళ్లగలదన్నది దాని చేతిలో లేదు. కెమెరాతోపాటు వచ్చే 18-55 జూమ్ లెన్సుల్లో చాలావాటి హద్దు పాతిక సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఆ దూరాన్ని లెన్స్ మూతి నుంచి కాకుండా కెమెరా లోపలి సెన్సర్ నుంచి కొలవాలి.

అందుకే పువ్వును దగ్గరగా తీసే ఈ విద్యలో మొదటి పాఠం నిష్పత్తి. పువ్వు ఎంత ఉందో సెన్సర్ మీద దాని బింబం కూడా అంతే పడితే దాన్ని 1:1 అంటారు. మాక్రో లెన్స్ చేసే పని ఇదే. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ కొలత 36×24 మిల్లీమీటర్లు. అంటే 1:1 దగ్గర మందారం మొత్తం ఫ్రేములో పట్టదు, దాని కేసరాల కొస మాత్రం నిండుగా పడుతుంది. మాక్రో లెన్స్ కొనే స్తోమత లేనివారికి ఎక్స్‌టెన్షన్ ట్యూబులున్నాయి. అవి అద్దం లేని ఉత్త గొట్టాలు. లెన్స్‌కూ కెమెరాకూ మధ్య బిగిస్తే లెన్స్ కాస్త ముందుకు జరిగి దగ్గరి చూపు వస్తుంది. 50 మి.మీ. లెన్స్‌కు 25 మి.మీ. ట్యూబు తగిలిస్తే బింబం మరో సగం నిష్పత్తి మేర పెరుగుతుంది. లెక్క అంత సులువు.

అసలు కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. 1:1 దగ్గర ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో అపర్చర్ (లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం) ఎఫ్/8 పెడితే స్పష్టంగా కనిపించే లోతు సుమారు ఒక మిల్లీమీటరు. ఎఫ్/16కు తగ్గిస్తే రెండు. మిగతా పువ్వంతా మసక. దీన్ని లోపమనుకుని కొత్తవాళ్లు కంగారుపడతారు. చేయి తిరిగినవాళ్లు మాత్రం ఆ ఒక్క మిల్లీమీటరును ఎక్కడ పెట్టాలన్నదాని మీదే బుర్ర పెడతారు.

మందారాన్నే తీసుకుందాం. బడిలో బ్లేడుతో కోసి భాగాలు గుర్తించిన పువ్వే కాబట్టి చాలామందికి పరిచయం. రేకుల మధ్య నుంచి పొడుగాటి గొట్టం ముందుకు పొడుచుకొస్తుంది. దాని ఒంటినిండా పసుపు పుప్పొడి మోసే కేసరాలు, చివర ముఖమల్ గుండీల్లాంటి ఐదు కీలాగ్రాలు. ఎదురుగా నిలబడి తీస్తే కీలాగ్రాలు కెమెరాకు దగ్గర, రేకుల మొదలు ఎంతో వెనక. రెండూ ఒకేసారి స్పష్టంగా రమ్మంటే రావు. అదే పక్కకు జరిగి, గొట్టం సెన్సర్‌కు సమాంతరంగా ఉండేలా చూసుకుంటే కథ మారిపోతుంది. కేసరాలూ, కీలాగ్రాలూ దాదాపు ఒకే తలంలోకి వచ్చి, అదే అపర్చర్‌లో వరసగా తేటపడతాయి. వెనక రేకులు ఎర్రటి తెరలా మెత్తగా కరిగిపోతాయి. లెన్స్ మారలేదు, సెట్టింగ్ మారలేదు, మనిషి రెండడుగులు పక్కకు వేశాడు.

ఈ పట్టు డిజిటల్ కెమెరాల కన్నా చాలా పాతది. జర్మనీకి చెందిన కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ శిల్పవిద్య నేర్చినవాడు, బెర్లిన్‌లో కళావిద్యార్థులకు పాఠాలు చెప్పేవాడు. మొక్కల ఆకృతులను తరగతిలో చూపించడానికి సొంతంగా తయారు చేసుకున్న కెమెరాతో తీగలు, మొగ్గలు, విత్తనాలు తీస్తూ పోయాడు, కొన్నింటిని ముప్పై రెట్ల దాకా పెంచి. వాటి వెనక బూడిదరంగు అట్టో తెల్ల అట్టో తప్ప మరేమీ ఉండదు. అరవై దాటాక, 1928లో ఆ ఫొటోలు పుస్తకంగా వచ్చి ఆయనకు పేరు తెచ్చాయి. పువ్వు వెనక ఓ అట్టముక్క నిలబెట్టే కిటుకు నేటికీ పైసా ఖర్చు లేకుండా పనిచేస్తుంది.

అమెరికాలో ఇమోజెన్ కన్నింగ్‌హామ్ 1920లలో ముగ్గురు చిన్న పిల్లలను సాకుతూ, ఇల్లు వదిలి దూరం వెళ్లే వీల్లేక తోటలోని మొక్కల మీదికి కెమెరా తిప్పారు. 1925 నాటి ఆమె మాగ్నోలియా పువ్వు చిత్రం ఈ విద్యకు ఓ గీటురాయి. 1932లో యాన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ తదితరులతో కలిసి ఆమె ఏర్పరచిన బృందం పేరు ‘గ్రూప్ ఎఫ్/64’. పెద్ద ఫిల్మ్ కెమెరాల్లో అతి సన్నని అపర్చర్‌కు గుర్తు అది. ముందు నుంచి వెనక దాకా అంతా స్పష్టంగా ఉండాలన్నది వారి పట్టుదల. ఆ పేరు విని డిజిటల్ కెమెరాలోనూ అపర్చర్ చివరంటా మూస్తే మాత్రం బొమ్మ మళ్లీ మెత్తబడుతుంది. సన్నని రంధ్రం గుండా వచ్చే కాంతి చెదురుతుంది, చిన్న సెన్సర్ మీద ఆ చెదురు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే ఇప్పటివాళ్లు ఎఫ్/8 దగ్గరే ఆగి, ఫోకస్‌ను వెంట్రుకవాసి జరుపుతూ పదీపదిహేను ఫొటోలు తీసి, స్పష్టమైన భాగాలన్నిటినీ సాఫ్ట్‌వేర్‌తో ఒకటిగా పేరుస్తారు. ఫోకస్ స్టాకింగ్ అంటే ఇదే.

పేర్చాలంటే పువ్వు కదలకూడదు. గాలి ఇక్కడ పెద్ద శత్రువు. పొద్దున్నే, ఎండ ముదరకముందు గాలి తక్కువ. చిన్న కర్ర నేలలో గుచ్చి, బట్టలారేసే క్లిప్పుతో కాడను ఫ్రేము కిందుగా పట్టి ఉంచితే సగం ఊగుడు తగ్గుతుంది. ట్రైపాడ్ లేకపోతే ఫోకస్‌ను చేత్తో ఒకచోట బిగించి, ఒంటినే ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఊపుతూ వరసగా మీట నొక్కాలి. పది ఫొటోల్లో ఒకటి నిలుస్తుంది. మిగతా తొమ్మిదీ చెరిపేయడానికి ఫిల్మ్ రోజుల్లోలా ఖర్చు లేదు.

రంగు మరో తంటా. మందారం ఎరుపుకు సెన్సర్‌లో ఎరుపు భాగం నిండిపోయి, ఈనెలన్నీ మాయమై రేకు ప్లాస్టిక్‌లా వస్తుంది. హిస్టోగ్రామ్‌లో (కెమెరా తెర మీద వెలుగు, రంగుల పాళ్లు చూపే పటం) ఎరుపు గీత కుడి అంచుకు గుద్దుకుంటే ఎక్స్‌పోజర్ మైనస్ 0.7కు తగ్గించాలి. నందివర్ధనానిది దీనికి సరిగ్గా రివర్సు. తెల్లగా నిండిన ఫ్రేమును కెమెరా నడిమి బూడిదరంగుగా లెక్కవేసి మాసిన బట్టలా తీస్తుంది. అక్కడ ప్లస్ 1 పెంచాలి. మిట్టమధ్యాహ్నం తప్పదంటే పువ్వుకూ ఎండకూ మధ్య ఓ తెల్ల పంచె చెంగు పరిస్తే వెలుగు మెత్తబడుతుంది.

ఇంత తంటా ఎందుకు? తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడు ఇందుకు జవాబు చెబుతుంది. బతుకమ్మ పేర్చేటప్పుడు గుత్తులు గుత్తులుగా చేతుల్లోంచి పోయే పువ్వే. లెన్స్‌లోంచి చూస్తే దాని కేసరాలన్నీ ఒకే పొడుగులో ఉండవు. పరాగకోశాలు చీలవు, వాటి కొసల్లో సన్నని రంధ్రాలుంటాయి. పువ్వులో తేనె లేదు. తుమ్మెద వచ్చి కేసరాలను కరచుకుని ఝుమ్మని ఒళ్లు అదిరిస్తే, ఉప్పుడబ్బా కుదిపినట్టు ఆ రంధ్రాల్లోంచి పుప్పొడి రాలుతుంది. ఏటా ఎత్తుకుని ఆడిన పువ్వులో ఈ ఏర్పాటు ఉందని పుస్తకం చదివి తెలుసుకోవచ్చు, కానీ ఆ రంధ్రం కళ్లబడాలంటే ఫోకస్ దాని మీదే కూర్చోవాలి. ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ వంటి వెబ్‌సైట్లలో మొక్క పేరు తేల్చడానికీ ఇలాంటి ఫొటోలే పనికొస్తాయి, పువ్వుతోపాటు ఆకు, కాడ కూడా విడిగా తీసి పెడితే.

తంగేడు దొరకని వీధిలోనూ గడ్డిచామంతి ఉంటుంది. చిన్న దెబ్బ తగిలితే ఆకు నలిపి రసం పిండే మొక్కే. నిండా సెంటీమీటరున్నర లేని ఆ పువ్వును 1:1లో తీస్తే అది ఒక పువ్వు కాదని తేలుతుంది. చుట్టూ మూడేసి పళ్లున్న తెల్లటి రేకులవి కొన్ని, నడుమ ఐదేసి రెక్కల పసుపు బుల్లిపూలు బోలెడు. కాడ సన్నం, పొడుగు. ఊపిరి తగిలినా ఊగుతుంది. దాన్ని తీయాలంటే ప్రహరీ పక్కన నేలకు బోర్లా పడుకోక తప్పదు. మోచేతుల కింద గోనెపట్టా వేసుకుంటే కంకర గుచ్చుకోదు.