ఎలై ఇంకా అద్దం దగ్గరే ఉన్నాడు

మొన్న ఆదివారం మా ఇంట్లో గుత్తివంకాయ కూర చల్లారిపోయింది. కారణం ఒక అంతరిక్ష నౌక.

మా మేనల్లుడు, వాడి స్నేహితుడు భోజనానికి వచ్చి, కంచాల ముందు కూర్చుని, 2011లో ఆగిపోయిన అమెరికా సీరియల్ గురించి కొట్టుకున్నారు. ‘స్టార్‌గేట్ యూనివర్స్’ అట. హాస్టల్లో హార్డ్ డిస్కులు చేతులు మారే రోజుల్లో చూశారు. ఇప్పుడు ఇద్దరికీ జుట్టు పలచబడింది, పిల్లలు బడికెళ్తున్నారు, గొడవ మాత్రం తెగలేదు.

సంగతి ఇదీ. 1994 నాటి ‘స్టార్‌గేట్’ సినిమాకి సంతానం ఎక్కువ. మొదటి సీరియల్ పది సీజన్లు, 214 ఎపిసోడ్లు నడిచింది. రెండోది సరిగ్గా వంద. మూడోదైన దీనికి నలభైకే చానల్ తాళం వేసింది. డెస్టినీ అనే ఆ నౌక నక్షత్రాల దగ్గర ఆగి శక్తి నింపుకుంటుంది. అక్కడే శత్రువుల డ్రోన్లు కాపు కాశాయి. ఎక్కడా ఆగకుండా పక్క గెలాక్సీకి పోవాలంటే మూడేళ్లు. అందరూ పాడ్లలో దూరి అన్నాళ్లూ నిద్రపోవాలి. ఒక పాడ్ చెడిపోయింది. ఎలై అనే కుర్రాడు ‘నేను బాగుచేసుకుంటాలే’ అని బయట మిగిలిపోయాడు. గడువు రెండు వారాలు. లైట్లు ఒక్కొక్కటే ఆరిపోతుంటే, పెద్ద అద్దం ముందు నిలబడి బయటికి చూసి నవ్వాడు. అంతే. ఆ నవ్వు దగ్గర కట్టేశారు.

మేనల్లుడిది పాత కథే కొనసాగాలనే పార్టీ. స్నేహితుడిది అన్నీ చెరిపి మొదటినుంచి తీయాలనే పార్టీ. ‘పాడ్‌లో ఉన్నవాళ్లకి వయసు పెరగదు కదరా, నటుల ముడతల్ని ఏం చేస్తావ్?’ అన్నాడు వీడు. ‘పాడ్లు సరిగ్గా పనిచేయలేదని రాసుకుంటే పోయె’ అన్నాడు వాడు. 2017లో కామిక్ పుస్తకాలుగా కొనసాగించారు కదా అంటే, అవి లెక్కలోకి రావట. ఎవరి లెక్కలోకి అని అడిగితే, ఇద్దరూ జాలిగా చూశారు.

నా పాత రోగం మీకు తెలిసిందే. సినిమాని రెండు ముక్కలు చేసి, రెండో ముక్కకి మళ్లీ టికెట్టు కొనమంటే ఒళ్లు మండుతుంది. 2015లో కట్టప్ప కత్తి దించితే ఎందుకో తెలుసుకోవడానికి 2017 దాకా ఆగాల్సి వచ్చిందని ఇక్కడే ఎన్నిసార్లు ఏడ్చానో. మొదలుపెట్టినవాడు ముగించాలి. వాడివల్ల కాకపోతే ఇంకొకడైనా ముగించాలి. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపేస్తే, తిక్కన దాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం ఎత్తుకున్నాడు. ఆ మిగిలిన ముక్కకి ఎర్రన రావలసి వచ్చింది. వచ్చినవాడు దాన్ని తన ప్రభువుకి కాక, నన్నయగారి రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. ఈ మర్యాద స్టూడియోలకి నేర్పాలిరా అని అందుకోబోయాను. నోటిదాకా వచ్చి ఆగింది. అమ్మ కుట్టిన పుస్తకం గుర్తొచ్చింది.

వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలు కత్తిరించి, దబ్బనంతో, పురికొసతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసేది అమ్మ. ఓ సీరియల్ చివర్లో ఉండగా నాన్నకి బదిలీ అయింది. తెనాలి నుంచి నంద్యాలకి సామాను లారీలో పడ్డ హడావిడిలో ఆఖరి వారం పత్రిక తప్పిపోయింది. అమ్మ పుస్తకంలో కథానాయిక స్టేషన్లో బెంచీ మీద కూర్చుని ఉంటుంది. చేతిలో విప్పని ఉత్తరం. కింద ‘సశేషం’.

నంద్యాల ఇంటి అరుగు మీద, బియ్యంలో రాళ్లేరుతూ, ఆ ఉత్తరంలో ఏముందో నలుగురాడవాళ్లు ఏళ్ల తరబడి తేల్చారు. పక్కింటి పిన్నిగారి ప్రకారం అది చావు కబురు. ఎదురింటావిడ మాత్రం భర్త క్షమాపణే అని పట్టుబట్టేది. అమ్మ కథ మాత్రం మారుతుండేది. నాన్నతో పోట్లాడిన రోజు ఆ అమ్మాయి ఉత్తరం చింపేసి రైలెక్కేది. అక్క పెళ్లి కుదిరిన వారం బండి దిగి పుట్టింటికొచ్చేది. తాతయ్య పోయిన ఏడాది అసలు విప్పనే లేదు.

ఇరవై ఏళ్ల తర్వాత ఆబిడ్స్‌లో ఆదివారం పాతపుస్తకాల గుట్టలో ఆ సంచిక దొరికింది. ఇరవై రూపాయలు. లంకెబిందె దొరికినట్టు పట్టుకెళ్లి అమ్మ ఒళ్లో పెట్టాను. రాత్రి కళ్లజోడు పెట్టుకుని చదివింది. పొద్దున కాఫీ ఇస్తూ, ‘ఏంట్రా, ఈయనకి రాసే ఓపిక అయిపోయినట్టుంది’ అంది. దబ్బనం ఎక్కడుందో నాకు తెలుసు, తెచ్చిచ్చాను. కుట్టలేదు. ఆ సంచిక చాలాకాలం బియ్యం డబ్బా మీద మూతకి అడ్డంగా ఉండేది.

‘నువ్వు చెప్పు మామయ్యా, మళ్లీ తియ్యాలా వద్దా?’ అన్నాడు మేనల్లుడు.

‘వద్దు’ అన్నాను. వాడు తెల్లబోయాడు. రెండు భాగాల సినిమాల మీద నేను రాసినవన్నీ చదివినవాడు మరి.

‘అయితే ఎలై అలా ఉండిపోవాల్సిందేనా?’

ఇక దాచి లాభం లేదు. అప్పట్లో వాడు మా ఇంట్లో మరిచిపోయిన హార్డ్ డిస్కులో నలభై ఎపిసోడ్లూ నేనూ చూశాను. ‘ఉండిపోడు. పాడ్ బాగుపడదు. ఆఖరిరోజు వెళ్లి, మనిషి మెదడుని నౌకతో కలిపే ఆ కుర్చీలో కూర్చుంటాడు. నౌకలో కలిసిపోతాడు’ అన్నాను.

‘ఆ కుర్చీలో కూర్చునేగా అంకుల్, నౌకలో సైంటిస్టు ఫ్రాంక్లిన్ మాయమయ్యాడు!’ అన్నాడు స్నేహితుడు.

‘మాయమయ్యాడు. పోయాడని ఎవరన్నారు?’ అన్నాను కుర్చీ ముందుకి జరుపుకుని.

మా ఆవిడ కూర గిన్నె లోపలికి తీసుకెళ్లిపోయింది.