పదకొండుగురిలోనే పన్నెండవవాడు

డెబ్బదియవ నిమిషము దాటినదో లేదో, బొంబాయిలోని మా ఫోరస్ రోడ్ చాల్‌లో టీవీ యెదుట గుమిగూడినవారందరును ఒక్కుమ్మడిగా ఫుట్‌బాల్ మేనేజరులై, "వాన్ని బయటికి గుంజుర్రి, కాళ్ళు లేస్తలేవు!" అని కేకలిడుట పరిపాటి. నేనును ఆ కేకలలో గొంతు కలుపువాడనే; అయినను, ఆటగాని మార్పనగా అలసినవానిని తొలగించి అలయనివానిని నిలుపుటయే యను మా చాల్ సిద్ధాంతము నాకు సమ్మతము కాదు. అలసట గ్యాలరీలోనివానికిని, టీవీ ముందరివానికిని కనబడునదే. బెంచీమీద ఊరక కూర్చున్నవానిలో ఈ ఘడియకు, ఈ ప్రత్యర్థికి సరిపడు శక్తి యేది దాగియున్నదో ముందే యెరిగియుండుట మేనేజరు విద్య.

మా పేటవారికి ఈ బెంచీబ్రతుకు కొత్తది కాదు. నూలుమిల్లులు నడచిన దినములలో బద్లీ కార్మికులు ఉదయమే గేటువద్ద నిలువబడి, ఖాయం పనివాడెవడైన రాకపోయినచో, ఆ పూటకు పనివారిని ఎంచుకొను జాబరు కంటబడి లోనికి పోవుచుండిరి. జాబరులలో ముడుపులు మరగినవారు ఎందరో. కాని ఏ సాంచా (మగ్గము) ఏ చేతికి లొంగునో యెరిగి మనిషిని పిలుచు జాబరు ఒక్కడున్నచో ఆ ఖాతాలో గుడ్డ చెడదని మా పెద్దలు చెప్పుదురు.

ఆటలోను అట్టి చూపు కనబడును: 2014 ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్‌లో నెదర్లాండ్స్ మేనేజరు లూయీ వాన్ హాల్, కోస్టారికాతో అదనపు సమయము ముగియు తరుణమున గోల్‌కీపర్ సిలెసెన్‌ను వెలికి బిలిచి టిమ్ క్రూల్‌ను నిలిపెను. క్రూల్ రెండు పెనాల్టీలను ఆపగా జట్టు సెమీఫైనల్ చేరినది. ఆ యోచన క్రూల్‌కు ముందే తెలియును, సిలెసెన్‌కు తెలియదు. ఇందలి నిర్దయ నాకు రుచింపకున్నను, బుద్ధిని మెచ్చకుండజాలను. 2020లో కరోనా కారణముగా మార్పులు మూడు నుండి అయిదునకు పెరిగినవి. ఆ యవకాశమును చేతబట్టుకొని, గడియారమును కరిగించుటకై ఎనుబదితొమ్మిదవ నిమిషమున ఒక కుర్రవానిని దింపు మేనేజరులను చూచినప్పుడు మాత్రము, దానిని విద్య యనుటకు నాకు నోరు రాదు.

బెంచీ యన్నదే లేని కాలమున ఈ విద్యను పండించినవాడు హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తర్ఫీదులో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పును గెలుచుకొనినది ఈ బొంబాయిలోనే, మా కామాటిపురకు దక్షిణముననున్న కూపరేజ్ మైదానములోనే. తెలంగాణమునుండి వచ్చి యీ నగరపు కట్టడములకు రాళ్ళుమోసిన కామాటీల వాడకు ఆ గెలుపు పరాయిది కానేరదు. ప్రపంచకప్పులో ఆటగాని మార్పునకు 1970లో గాని అనుమతి రాలేదు. అంతకుముందు గాయపడినవాడు కుంటుచు మైదానపు అంచున నిలుచుటయు, తక్కినవారు వాని బరువును మోయుటయు సామాన్యమైన దృశ్యము. కావున ఆనాటి కోచ్ తన పన్నెండవవానిని ఉన్న పదకొండుగురిలోనే వెదకికొనవలసి యుండెను.

1962 జకార్తా ఆసియా క్రీడలలో రహీం తర్ఫీదులోని భారత జట్టు థాయ్‌లాండ్‌తో ఆడునప్పుడు, మన రక్షణపంక్తికి వెన్నెముకయైన జర్నైల్ సింగ్ తలకు తీవ్రమైన దెబ్బ తగిలి కుట్లు పడినవి. మరియొకరైనచో ఆయనను కూర్చుండబెట్టియుందురు, లేదా కట్టుతోనే వెనుక నిలిపియుందురు. రహీం ఆయనను సెంటర్ ఫార్వర్డుగా ముందునకు పంపెను. వెనుక నిలిచినవాడు వచ్చిన ప్రతి యెత్తుబంతికిని తల నొడ్డక తప్పదు; ముందున్నవాడు తన యదనును తానే యెంచుకొనవచ్చును. కోచ్ ఆలోచన ఇదియే యైయుండునని నా యూహ. దక్షిణ వియత్నాంపై 3-2 తో గెలిచిన సెమీఫైనల్‌లో జర్నైల్ ఒక గోలు చేసెను. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో జరిగిన ఫైనల్‌లో పీకే బెనర్జీ మొదటి గోలు చేయగా, రెండవది మరల ఈ డిఫెండరుదే.

ఆ ఫైనల్‌కు రహీం గోల్‌కీపరును సైతము మార్చెను. సెమీఫైనల్‌లో నిలిచిన ప్రద్యుత్ బర్మన్‌కు బదులు ఆజానుబాహువైన తంగరాజ్ వచ్చెను. కొరియావారు ఆట చివర ఒక్క గోలు తిరిగి చేయగలిగిరి గాని, స్కోరు 2-1 దాటలేదు.