సా ఎక్కడుందో చెప్పే చెవి

హైదరాబాద్‌లో మెహదీపట్నం దగ్గర మొదలైన పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 11 కిలోమీటర్లకు పైగా స్తంభాల మీదే సాగి ఆరాంఘర్‌లో నేలకు దిగుతుంది. అక్కణ్ణుంచి శంషాబాద్ వైపు పోతుంటే ముహూర్తాల రోజుల్లో ఫంక్షన్ హాళ్ళ దీపాలు కనిపిస్తూనే ఉంటాయి. లోపల భోజనాలు నడుస్తుంటాయి, వేదిక మీద ఆర్కెస్ట్రా ఉంటుంది. జనం పాటగాళ్ళను చూస్తారు, రిథమ్ ప్యాడ్ కొట్టే కుర్రాణ్ణి చూస్తారు. కీబోర్డ్ వెనక కూర్చున్న మనిషిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఈ వ్యాసం అతని చెవి గురించి.

పెళ్ళికొడుకు మేనమామ ఉన్నట్టుండి మైకు అందుకుంటాడు. ఘంటసాల పాట పాడతానంటాడు. రిహార్సల్ లేదు, నోటేషన్ లేదు. “ఒక్క లైన్ పాడుండ్రి సార్” అంటాడు కీబోర్డ్ అతను. మేనమామ పల్లవిలో సగం కూనిరాగం తీసేసరికి ఇతని వేలు ట్రాన్స్‌పోజ్ బటన్ మీద రెండుసార్లు పడుతుంది. మరుక్షణం వచ్చే తొలి కార్డ్ మేనమామ గొంతు కింద సరిగ్గా అమరుతుంది. హాలు చప్పట్లు కొడుతుంది, ఆ చప్పట్లన్నీ మేనమామకే. పాట శ్రుతిని పట్టుకోవడం, దాన్ని పాడే గొంతుకు సరిపడా జరపడం అనే రెండు పనులు ఆ కాస్త వ్యవధిలో జరిగిపోయాయి.

ఈ పనివాళ్ళ మాటలు తెలిస్తే తర్వాతిది తేలిక. సినిమా, ఆర్కెస్ట్రా వాళ్ళు “స్కేల్ ఎంత?” అని అడిగి సీ, సీ షార్ప్, డీ అని చెప్పుకుంటారు. కచేరీ వాళ్ళు, నాటకాల హార్మోనిస్టులు అదే సంగతిని అంకెల్లో చెబుతారు: తెల్ల మెట్లు 1 నుంచి 7, నల్ల మెట్లు అరలు. సీ అంటే ఒకటో శ్రుతి, సీ షార్ప్ ఒకటిన్నర, ఎఫ్ షార్ప్ నాలుగున్నర. మూడుకూ నాలుగుకూ మధ్య నల్ల మెట్టు లేదు గనుక మూడున్నర శ్రుతి ఉండదు. మగ గొంతులు సాధారణంగా ఒకటి, రెండు శ్రుతుల మధ్య, ఆడ గొంతులు నాలుగున్నర, ఐదున్నరల మధ్య సుఖంగా పలుకుతాయి. మేనమామ నోరు తెరవకముందే కీబోర్డ్ అతని అంచనా ఈ హద్దుల్లో మొదలై ఉంటుంది.

స్వరం వినగానే దాని పేరు చెప్పగలిగే పుట్టుచెవి కొందరికి ఉంటుంది. అలాంటివారు పదివేల మందిలో ఒకరని తరచూ చెబుతారు. శ్రుతి పట్టడానికి ఆ వరం అక్కర్లేదు. ఉన్నా అది సగం పనే చేస్తుంది. పాటలో వినిపించిన స్వరాలన్నిటి పేర్లూ తెలిసినా వాటిలో సా, అంటే ఆధార స్వరం, ఏదో తేల్చాలి కదా. నాకు ఈ పనితనంలో గొప్పగా కనిపించేది ఆ తేల్చడమే.

నల్ల మెట్లు అయిదింటినే తీసుకోండి. నాలుగున్నరను సా చేసుకుని పైకి వాయిస్తే మోహన రాగం. అవే మెట్లు, ఐదున్నర సా అయితే మధ్యమావతి. ఆరున్నర సా అయితే హిందోళం. ఒకటిన్నర నుంచి శుద్ధ సావేరి, రెండున్నర నుంచి శుద్ధ ధన్యాసి. ఒక్క మెట్టూ మారలేదు, రాగాలు మాత్రం అయిదు. దీన్నే మన సంగీత శాస్త్రం గ్రహభేదం అంటుంది. కాబట్టి “ఈ పాటలో నల్ల మెట్లే పడుతున్నాయి” అని కనిపెట్టినవాడు ఇంకా శ్రుతి కనిపెట్టనట్టే. హిందోళం పాటకు మోహనం అనుకుని మేజర్ కార్డ్ నొక్కితే, వేళ్ళన్నీ సరైన మెట్ల మీదే ఉన్నా పాట వికటిస్తుంది.

మరి సా ఎలా దొరుకుతుంది? అనుభవం ఉన్నవాళ్ళు ముందు చేసే పని చేతులు కట్టుకుని వినడం. పల్లవి మొదటి స్వరాన్ని నమ్మరు, ఎందుకంటే పా మీద, గా మీద ఎత్తుకునే పాటలు కొల్లలు. చరణం తిరిగి తిరిగి పల్లవిలోకి వచ్చి ఎక్కడ వాలుతుందో అక్కడ చెవి పెడతారు. ఊరంతా తిరిగిన ఆవు సాయంత్రం తన గాటికే చేరినట్టు, ఎన్ని సంగతులు వేసినా పాట చివరికి సా దగ్గరికే వస్తుంది. ఆ వాలిన స్వరాన్ని గొంతులోనే పట్టుకుని, పాట సాగినంతసేపూ వదలకుండా సన్నగా పలుకుతారు. కచేరీలో తంబురా చేసే పనే ఇది, వేదిక మీద కనబడకుండా జరుగుతుంది.

ఇక్కడో పెద్ద ఉచ్చు ఉంది. పాట మొత్తం కింద పట్టుకుంటే సాధారణంగా ఇబ్బంది పెట్టని స్వరాలు రెండు: సా, పా. కొత్తవాళ్ళు ఎక్కువగా పాను సా అనుకుని మోసపోతారు. దీనికి పరీక్ష మంద్రస్థాయిలో ఉంది. ఎడమచేత్తో కింది సా నొక్కితే పైన సా వచ్చినా పా వచ్చినా పాట నిలకడగా ఉంటుంది. పొరపాటున పా నొక్కి ఉంటే, పాట ముగిసి సా మీద ఆగినప్పుడల్లా ఇంకా ఏదో మిగిలి ఉన్నట్టు అనిపిస్తుంది. కింద ఉన్నది తప్పని చెవికి అక్కడ తెలిసిపోతుంది. ఆర్కెస్ట్రా ఉన్న సినిమా పాటల్లో బేస్ గిటార్ సాయం చేస్తుంది. పల్లవి తొలి దెబ్బకు చాలా పాటల్లో బేస్ సా మీదే పడుతుంది. ఇళయరాజా పాటల దగ్గర మాత్రం ఆ చిట్కాను జాగ్రత్తగా వాడాలి. ఆయన బేస్ తనంతట తానుగా ఒక రాగవరస అల్లుకుంటూ నడుస్తుంది, సా మీద ఊరికే కూర్చోదు.

సా దొరికాక రెండో ప్రశ్న గా. సాధారణ గాంధారమైతే మైనర్, అంతర గాంధారమైతే మేజర్. సీ మేజర్‌కూ ఏ మైనర్‌కూ తెల్ల మెట్లే గనుక, సా తేలకుండా ఈ ప్రశ్నకు వెళ్ళినవాడు అక్కడక్కడే తిరుగుతాడు. అందుకే ముందు సా, తర్వాత పాతో సరిచూపు, ఆ పిమ్మట గా.

సరిచూపుకు పానే ఎందుకన్నదానికి లెక్క ఉంది. తంబురాకు కలిపి పాడే గొంతులో పా, కీబోర్డ్ పా దాదాపు ఒకటే. అర మెట్టును నూరు భాగాలు చేస్తే తేడా రెండు భాగాలే. అంతర గాంధారం దగ్గర ఆ తేడా 14 భాగాలు. శుద్ధంగా పాడే గొంతులోని గాను పట్టుకుని కీబోర్డ్ కలపబోతే శ్రుతి కిందికి జారుతుంది. మెట్ల వాయిద్యానికీ మన గొంతుకూ ఉన్న ఈ పొత్తు కుదరనితనం పాత తగాదా. హార్మోనియం మీద ఆకాశవాణి 1940లో పెట్టిన నిషేధం 1971 వరకు సడలలేదు, దాని వెనక ఉన్న వాదాల్లో ఇదొకటి.

పాత పాటలు మరో చిక్కు తెస్తాయి. గ్రామఫోన్ రికార్డు తిరిగే వేగం ఆరు శాతం పెరిగితే పాట అర మెట్టు పైకి పోతుంది. మూడు శాతమైతే రెండు మెట్ల నడుమ వేలాడుతుంది. రికార్డు నుంచి టేపుకు, టేపు నుంచి ఫోన్‌కు ఎక్కుతూ వచ్చిన పాట ఏ మెట్టుకూ కలవకపోతే లోపం వినేవాడి చెవిది కాదు. కీబోర్డ్ ఫైన్ ట్యూనింగ్‌ను కాస్త జరిపి పాటకు కలుపుకుంటే తర్వాతి పని మామూలే.

ఈ విద్యకు తెలుగునాట పూర్వీకులు పద్యనాటకాల హార్మోనిస్టులు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలై అలాంటి నాటకాలాడుతూ వచ్చిన సురభి కుటుంబాలు ఇప్పుడు హైదరాబాద్ లింగంపల్లిలో కాలనీగా ఉన్నాయి. పద్యనాటకంలో కృష్ణుడి శ్రుతి ఒకటైతే అర్జునుడి శ్రుతి మరొకటి కావచ్చు. ఒకరి పద్యం ముగిసి రెండోవారు ఎత్తుకునే లోపల హార్మోనిస్టు మారిపోవాలి. నటుడు రాగం తీస్తూ ఏ స్వరం మీద ఊపిరి పీల్చుకుంటే ఆ స్వరాన్ని అందుకుని నిలబెట్టాలి. వాళ్ళకు ట్రాన్స్‌పోజ్ బటన్ లేదు, ఏ శ్రుతి అయితే ఆ శ్రుతిలో వేళ్ళే దారి మార్చుకునేవి. అందుకే బటన్ నొక్కి అన్ని పాటలూ సీలోనే వాయించే ఇవాళ్టి కీబోర్డ్ వాళ్ళను కొందరు చిన్నచూపు చూస్తారు. వేళ్ళ శ్రమ విషయంలో ఆ మాట నిజమే. చెవి విషయంలో కాదు. ఎన్ని మెట్లు జరపాలో బటన్‌కు తెలియదు, నొక్కేవాడికి తెలియాలి.

ఆ జరపడంలోనే మర్యాద కూడా ఉంది. అసలు పాట రెండున్నర శ్రుతిలో ఉండి తారస్థాయి గా దాకా వెళ్తుందనుకుందాం. మేనమామ గొంతు అక్కడికి అందదని కూనిరాగంలోనే తెలిసిపోతే, మూడు అర మెట్లు దించి ఒకటో శ్రుతిలో పెడతారు. అతిగా దించితే పల్లవిలోని మంద్రస్వరాలు గొంతులోనే అణగిపోతాయి. పాటకు పైన ఎంత చోటు కావాలో, కింద ఎంత మిగలాలో రెండూ తూచి చేసే నిర్ణయమది. శ్రుతి చెప్పే ఫోన్ యాప్‌లు సాధారణంగా పన్నెండు స్వరాల్లో ఏది ఎంతసేపు మోగిందో లెక్కేసి మేజర్, మైనర్ అచ్చులతో పోలుస్తాయి. మామూలు సినిమా పాటకు అది చాలు. హిందోళం లాంటి అయిదు స్వరాల పాట దగ్గర తడబడే వీలుంది. పాడేవాడి గొంతు ఎంతవరకు అందుతుందో అవి అడగనే అడగవు.

నేర్చుకోవాలనుకునేవారికి గురువు వీధిలోనే ఉన్నాడు. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమనే మోత దానికి రెట్టింపు, అంటే 100 హెర్ట్జ్. కీబోర్డ్ మీద కింది జీ 98. ఆ మోత ఐదో శ్రుతికి పిసరంత పైన ఉన్నట్టు. దాన్ని గుర్తుపెట్టుకుంటే ఏ వాయిద్యమూ చేతిలో లేకపోయినా మిగతా మెట్లన్నీ లెక్కకు దొరుకుతాయి. రోజుకో పాట విని, సా పలికి, తర్వాత వాయిద్యం మీద సరిచూసుకుంటే చెవి కొన్నాళ్ళకు దారికొస్తుంది.

పెళ్ళిళ్ళలో పాడే సరదా ఉన్నవారికి ఒక మనవి. మైకు అందుకోగానే పాట ఎత్తుకోకండి. కీబోర్డ్ అతని వైపు తిరిగి పల్లవి ఒకసారి నెమ్మదిగా పలకండి, అతను తల ఊపాక మొదలుపెట్టండి. పాట అయ్యాక చప్పట్లలో సగం అటు చూపించండి, అవి అతనివే.